ఇది పిలుపా, బతుకుతెరువా?

ప్రశ్న: రేపల్లె వైపు ఒక పల్లెలో ఉంటున్న 47 ఏళ్ల సోదరి తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పవద్దన్నారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను. ఆమె భర్త 22 ఏళ్ల కిందట తాటాకు పాకలో మొదలుపెట్టిన స్వతంత్ర సంఘం ఇప్పుడు స్లాబు మందిరంలో 70 కుటుంబాలతో ఉంది. 14 నెలల కిందట ఆయన గుండెపోటుతో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధన, శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన, గృహ కూటాలు, జబ్బుపడినవాళ్లను చూసి రావడం, అన్నీ ఆమె మీదే పడ్డాయి. నెలలో మొదటి ఆదివారం పట్నం నుంచి ఒక పాస్టరుగారు వచ్చి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) ఆచరించి వెళుతున్నారు.

ఆయన పోయాక జరిగిన ఆదరణ కూడిక రోజున బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, భర్త కప్పుకొనే శాలువా తెప్పించి, 22 ఏళ్ల కొడుకు భుజాల మీద వేసి, "ఏలీయా దుప్పటి ఎలీషా మీద పడింది" అని, అంటే ప్రవక్త స్థానం శిష్యుడికి వచ్చినట్టు తండ్రి సేవ కొడుక్కి వచ్చిందని, అందరి ముందూ ప్రకటించాడు. హైదరాబాదులో ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన ఆ అబ్బాయి తర్వాత ఫోనులో "నాకైతే ఏమీ వినపడలేదమ్మా" అన్నాడు. వాడు కడుపులో ఉండగానే దేవుని సేవకు ఇస్తామని భార్యాభర్తలిద్దరూ మొక్కుకున్నారు. సువార్తికుడుగా తిరుగుతున్న మరిదిగారు, ఆడది పల్పిట్ ఎక్కడం వాక్యవిరుద్ధమని, సంఘాన్ని తనకు అప్పగించాలని అంటున్నారు. ఆరుగురు సంఘ పెద్దల్లో ఇద్దరు ఆయన వైపు, నలుగురు ఈమె వైపు ఉన్నారు. మందిరం ఉన్న ఐదు సెంట్ల స్థలం భర్త పేరున ఉంది. తల్లీకూతుళ్లు మందిరం వెనక గదుల్లోనే కాపురం ఉంటున్నారు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

మూడు నెలల కిందట తెల్లవారుజామున నాలుగు గంటల ప్రార్థనలో "నా గొఱ్ఱెలను మేపుము" అన్న మాట తన మనసులో స్పష్టంగా పడిందని ఆమె రాశారు. "ఆ మాట దేవునిదా, ఇల్లు పోతుందన్న నా భయానిదా? కాదని పారిపోతే యోనాను అవుతాను. అన్నం కోసం పిలుపు అని చెప్పుకుంటే గేహజీని అవుతాను. నేను వీళ్లలో ఎవరిని?" అని అడిగారు. చివర్లో చిన్న అక్షరాలతో మరో సంగతి కూడా ఉంది. పల్పిట్ మీద ఆయన బైబిలు, కళ్లద్దాలు ఆనాడు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె ఇంతవరకు మెట్టు ఎక్కలేదు, కింద బల్ల దగ్గర నిలబడే వాక్యం చెబుతున్నారు. ఎక్కవచ్చా అని ఆమె సందేహం.

సమాధానం: అమ్మా, వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తొమ్మిది పేజీల్లో పిలుపు గురించి ఉన్నది పేజీన్నర. మిగిలినదంతా ఇల్లు, స్థలం, పిల్ల చదువు, మరిదిగారి మాటలు. తప్పు పట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఏ గది తలుపు ఎప్పుడు మూస్తారో తెలియని మనిషికి దేవుని స్వరమూ తన భయమూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. అందుకని నేను పిలుపుతో మొదలుపెట్టను, మీ ఇంటి కప్పుతో మొదలుపెడతాను.

మీ మనసులో పడిన మాట యోహాను సువార్త 21వ అధ్యాయంలోనిదని మీకు చెప్పనక్కర్లేదు. ఆ మాటకు ముందు ఏం జరిగిందో ఒకసారి చూడండి. రాత్రంతా వల వేసి ఏమీ దొరకక తెల్లవారేటప్పటికి అలసి ఉన్న మనుషులకు ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె కనిపించాయి. ముందు యేసు "రండి, భోజనము చేయుడి" అన్నాడు. వాళ్లు తిన్న తరువాతే పేతురును పక్కకు తిప్పుకుని "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. గొర్రెల సంగతి ఆ తరువాత వచ్చింది. ఆకలితో ఉన్న పేతురును అడిగి ఉంటే వచ్చిన జవాబులో ఎంత ప్రేమో, ఎంత ఆకలో పేతురుకే తెలిసేది కాదు. మీరు ఇప్పుడు ఆ తిండికి ముందు ఘట్టంలో ఉన్నారు, జవాబేమో తిండి తరువాతి ప్రశ్నకు వెతుకుతున్నారు.

కాబట్టి ముందు కాగితాల సంగతి. స్థలం మీ భర్త పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా వెళ్లిపోయి ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు మీది, మిగిలిన రెండు వంతులు మీ పిల్లలిద్దరివి సమానంగా. పిల్లలు ఉండగా తమ్ముడికి అందులో వాటా లేదు. ఇది తెలిస్తే మీకు రాత్రి నిద్ర పడుతుందని ముందే రాస్తున్నాను. అయితే చట్టం అంతటితో ఆగుతుంది, మీ మనస్సాక్షి ఆగదు. ఆ ఐదు సెంట్లు ఎవరి డబ్బుతో కొన్నారు? మీ పుట్టింటివాళ్లు ఇచ్చిన బంగారం అమ్మి కొన్నారా, లేక మిరపకాయ కోతల కూలిలోంచి ఆ ఆడవాళ్లు కొంగు ముడి విప్పి వేసిన కానుకలతో కొన్నారా? రెండూ కలిసి ఉంటాయని నా ఊహ, మన పల్లె సంఘాల్లో ఎక్కువగా జరిగేది అదే. కానుకల డబ్బు ఉన్నంత మేరకు మందిరం స్థలం సంఘానిదే. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించి, మందిరం ఉన్న భాగాన్ని దాని పేరున రాసి, వెనక గదులున్న భాగాన్ని మీ పిల్లల పేరున ఉంచే దారి ఉంది. తెలిసిన వకీలు ఒకరిని, మందిరానికి సంబంధం లేనివారిని, అడగండి. ఎవరు పాస్టరుగా వచ్చినా మీ కుటుంబం ఆ గదుల్లోనే ఉంటుందని, మీకు నెలకు ఇంత అని సంఘం ఇస్తుందని, ఆరుగురు పెద్దలూ తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు చేయాలి. ఇరవై ఏళ్లకు పైగా జీతం లెక్క లేకుండా సేవ చేసిన వ్యక్తి భార్యకు ఇది దానధర్మం కాదు, సంఘం బాకీ. సిగ్గుపడకుండా అడగండి.

అన్నం సంగతి ఎత్తడమే పాపమన్నట్టు రాశారు, అది కూడా సరికాదు. మందను కాచేవాడు మంద పాలు తాగడా అని పౌలే అడిగాడు. పాలు తాగిన కాపరిని లేఖనం ఎక్కడా తిట్టలేదు. క్రొవ్విన గొర్రెను కోసుకుని తిని, కుంటిదానికి కట్టు కట్టని కాపరిని యెహెజ్కేలు 34వ అధ్యాయం తిట్టింది. ఎలీషా సేవకుడు గేహజీ విషయానికొస్తే, అతను చాటుగా వెళ్లి అబద్ధం చెప్పి వెండి తెచ్చుకున్నాడు. మీరు మీ భయాన్ని తొమ్మిది పేజీల్లో బయటపెట్టారు. యోనాకు ఎక్కడికి వెళ్లాలో స్పష్టంగా తెలుసు, తెలిసి ఓడకు కేవు ఇచ్చి ఇంకో దిక్కుకు పోయాడు. తెలియక అడిగేవాళ్లు యోనాలు కారు.

గదుల సంగతి తేలాక ఒక శుక్రవారం సాయంత్రం ఒంటరిగా కూర్చుని ఈ మాట మిమ్మల్ని మీరే అడగండి: ఇల్లు నాకు ఉంటుంది, నెలనెలా తిండికి లోటు లేదు, వేరే ఎవరో మంచి పాస్టరుగారు వచ్చారు, ఇక నా అవసరం లేదు. అప్పుడు గుండెల్లో నుంచి బరువు దిగినట్టు ఉంటే అది కూడా జవాబే, అందులో పాపం లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటే, అది కుర్చీ పోయినందుకా, మనుషులు పోయినందుకా అని ఇంకో మెట్టు దిగి చూడండి.

నేను కొన్నేళ్లు పాస్టర్ల ఎంపిక కమిటీలో కూర్చున్నాను. వచ్చిన కుర్రవాళ్లందరికీ దర్శనాలే. వెలుగు, స్వరం, కలలో తెరిచిన గ్రంథం. ఒక్కొక్కసారి ముగ్గురికి వరసగా ఒకే కల వచ్చేది, ముందు వెళ్లినవాడు బయట చెప్పి ఉంటాడు. మాతో ఉండే ఒక ముసలాయన మాత్రం దర్శనాల జోలికి వెళ్లకుండా "మీ సంఘంలో మంచాన పడి ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్ల పేర్లు చెప్పు నాయనా" అనేవారు. సగం మంది అక్కడే ఆగిపోయేవారు. మీ ఉత్తరం ఆరో పేజీలో, తాగి కొట్టిన మొగుడి దగ్గరి నుంచి చంటిబిడ్డతో అర్ధరాత్రి వచ్చిన అమ్మాయికి మీ మంచం ఇచ్చి, మీరు మందిరంలో చాప మీద పడుకున్న సంగతి రాశారు. సాక్ష్యంగా కూడా కాదు, ఈ మధ్య నిద్ర సరిపోవడం లేదని చెప్పుకోవడానికి రాశారు. నాకు మాత్రం నాలుగు గంటలకు వినిపించిన మాట కంటే ఆ చాప ఎక్కువ చెప్పింది. ఆ అమ్మాయి పెద్దల ఇళ్లు దాటుకుని మీ తలుపే ఎందుకు తట్టిందో పెద్దలు ఆలోచించాలి.

అయినా అది ఒక్కటే చాలదు. మీలో కాపరి మనసు ఉందని అది చెబుతుంది గానీ, 70 కుటుంబాల మీద బాధ్యత మీదేనని చెప్పదు. అంతియొకయ సంఘంలో పౌలును, బర్నబాను ప్రత్యేకించమన్న మాట వాళ్లిద్దరి చెవుల్లో మాత్రమే పడలేదు. సంఘం ఉపవాసంతో కూడి ఉండగా వచ్చింది, సంఘమే వాళ్ల మీద చేతులుంచి పంపింది. త్రోయలో మాసిదోనియ మనిషిని రాత్రి దర్శనంలో చూసింది పౌలు ఒక్కడే అయినా, అది దేవుని పిలుపని నిశ్చయించుకున్నది "మేము" అని అపొస్తలుల కార్యాల్లో రాసి ఉంది. మీరు విన్న మాటను పెద్దల ముందు పెట్టండి. మీ వైపున్న నలుగురు సరేనంటే తేలిపోయినట్టు కాదు. ఎదురున్న ఇద్దరిని కూర్చోబెట్టి "నాలో ఏ లోపం మీకు భయం కలిగిస్తోంది" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. వాళ్లు "ఆడది" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతారా, లేక "లెక్కలు రాయరు", "మీ బంధువుల మాట ఎక్కువ వింటారు" లాంటిది ఏదైనా చెబుతారా అన్నది మీకు పనికొస్తుంది.

ఆ "ఆడది" అన్న మాట గురించి. నా అభిప్రాయం దాచను, స్త్రీ కాపరిగా ఉండవచ్చునని నేను నమ్ముతాను. కానీ మన తెలుగు సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు. బ్రదరన్ సంప్రదాయపు సంఘాల్లో స్త్రీలు సభలో వాక్యం చెప్పరు. పెంతెకోస్తు సంఘాల్లో ఆడవాళ్లు మైకు పట్టుకోవడం ఎవరికీ వింత కాదు. సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) స్త్రీలకు గురుత్వాభిషేకం ఉంది. 2013లో నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందిన పుష్పలలిత గారే ఆ సంఘంలో తొలి మహిళా బిషప్. అంతకు చాలా ముందు, మిషనరీల కాలంలో, దొరలకు ప్రవేశం లేని ఇళ్లలోకి సంచీలో సువార్తలు పెట్టుకుని వెళ్లినవాళ్లు బైబిలు స్త్రీలే. తిమోతి పత్రికలో స్త్రీ ఉపదేశించరాదన్న మాట ఉంది, నిజమే. బోధకుడైన అపొల్లోను ఇంటికి తీసుకువెళ్లి దేవుని మార్గం మరింత పూర్తిగా వివరించినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది, కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే ఉంది, సభలో తల మీద ముసుగుతో ప్రవచించే స్త్రీల ప్రస్తావన కొరింథీయుల పత్రికలో ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివే మనుషులు చిత్తశుద్ధితోనే వేరువేరు తీర్మానాలకు వచ్చారు. కనుక మీ మరిదిగారి వాక్యానికి ఆయన దురాశతో జవాబు చెప్పకండి. స్థలం మీద ఆశ ఉన్నా ఆయన విశ్వాసం నిజమైనదే కావచ్చు. వాక్యానికి వాక్యంతో, స్థలానికి దస్తావేజుతో, ఈ రెండు చర్చలూ వేరువేరు రోజుల్లో జరగాలి.

ఇక అబ్బాయి. ఈ విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. ఎలీషా ఏలీయా కొడుకు కాడమ్మా. అతను షాపాతు కుమారుడు, పన్నెండు అరకల ఎడ్లతో దున్నుకుంటున్న రైతు. ఆ ప్రసంగీకుడు ఎత్తిన వాక్యమే వారసత్వానికి ఎదురు సాక్ష్యం. పైగా తల్లిదండ్రులను ముద్దుపెట్టుకుని వస్తానని అతను అడిగితే ఏలీయా వెళ్లి రమ్మన్నాడే గాని, సభలో నిలబెట్టి ఒప్పించలేదు. తొందరపడి చెప్పిన మాట ప్రవక్త అంతటివాడికే తప్పలేదు. మందిరం కడతానన్న దావీదుతో నాతాను "వెళ్లి చేయి" అనేసి, ఆ రాత్రే దేవుడు వేరే మాట చెబితే వెనక్కి వచ్చి దిద్దుకున్నాడు. మీ ఇంటికి వచ్చిన పెద్దమనిషి దిద్దుకోవడానికి తిరిగి రాడు. అందుకని దిద్దవలసింది మీరే.

మొక్కుబడి మిమ్మల్ని ఎక్కువ బాధిస్తున్నట్టుంది. హన్నా మొక్కు సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది, సమూయేలుకు పిలుపు మూడో అధ్యాయంలో వచ్చింది. తల్లి మొక్కుకుంది కదా అని దేవుడు ఆ పిల్లవాడి జవాబును ఆమె దగ్గర తీసుకోలేదు. పేరు పెట్టి మళ్లీ మళ్లీ పిలిచి, అతని నోటితోనే జవాబు చెప్పించుకున్నాడు. అదే సమూయేలు ముసలివాడయ్యాక తన కొడుకులను న్యాయాధిపతులుగా పెడితే వాళ్లు లంచాలు తిన్నారు. ధర్మశాస్త్రం కూడా మొక్కుకున్న మనిషికి విడుదల ఉంచింది. లేవీయకాండం 27వ అధ్యాయంలో 20 నుంచి 60 ఏళ్ల పురుషునికి 50 తులాల వెండి అని వెల కట్టి మరీ రాసి ఉంది. మీ మొక్కు మీది, దాన్ని ప్రార్థనలో దేవుని ముందు పెట్టడం మీ పని. అబ్బాయికి మాత్రం ఈ వారమే ఫోను చేసి, "శాలువా సంగతి మరిచిపో నాన్నా, నీకు వినపడిన రోజున చెప్పు, వినపడకపోయినా నువ్వు నా కొడుకువే" అనండి. వాడి కోసం ఆ స్థానం నాలుగైదేళ్లు అట్టిపెట్టి ఉంచాలన్న ఆలోచన మీ పెద్దల్లో ఒకరికి ఉందని రాశారు. అలా ఉంచితే వాడు హైదరాబాదులో ప్రతి ఆదివారం తప్పు చేసినవాడిలా నిద్ర లేస్తాడు.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి. ఒకటి, మీరే పూర్తి బాధ్యత తీసుకోవడం. అలాగైతే ఇప్పుడున్నట్టు సగం సగం కాదు. స్త్రీలను అభిషేకించే ఏదైనా సహవాసంతో సంఘాన్ని కలపాలి, మీరు బైబిలు శిక్షణ తీసుకోవాలి, బల్ల, బాప్తిస్మం మీరే ఇవ్వాలి. పది, పదిహేను కుటుంబాలు మరిదిగారితో వెళ్లిపోవచ్చు, వాటిలో మీరు పురుడు పోసిన ఇళ్లు కూడా ఉండవచ్చు. ఆ నొప్పికి ఇప్పుడే సిద్ధపడగలరా అన్నది చూసుకోవాలి. ఇంకొకటి, మరిదిగారికి అప్పగించడం. గొడవ ఆగుతుంది, కొన్నాళ్లు. కానీ బలిమిచేత కాక ఇష్టపూర్వకంగా, దుర్లాభాపేక్ష లేకుండా మందను కాయమన్న పేతురు మాట మీకెంత వర్తిస్తుందో ఆయనకూ అంతే వర్తిస్తుంది. మంచాన పడినవాళ్ల పేర్లు ఆయననూ అడగండి. స్థలం సొసైటీ పేరున రాసినా సంఘాన్ని తీసుకుంటారా అని అడిగితే మీకు సగం జవాబు అక్కడే తెలుస్తుంది. లేదూ, రెండు పక్షాలకూ చెందని ఒక పాస్టరుగారిని బయటి నుంచి పిలిపించుకుని, మీరు స్త్రీల పరిచర్యలో ఉండిపోవచ్చు. ఇందులో మీకు గౌరవం తగ్గదు, అయితే కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్యకు మీ నీడ బరువవుతుంది. ఒకే ఆవరణలో ఇద్దరు అమ్మగార్లు ఉంటే అమావాస్యకో పున్నానికో మాట వస్తుంది, నేను చూశాను.

వీటిలో ఏదీ ఇప్పటికిప్పుడు తేల్చుకోనక్కర్లేదని నాకనిపిస్తోంది. ఒక సంవత్సరం అని గడువు రాసుకుని, పెద్దలు సమష్టిగా సంఘాన్ని నడిపిస్తూ, వాక్యం మీరూ ఇద్దరు పెద్దలూ వంతులవారీగా చెబుతూ, బల్లకు పట్నం పాస్టరుగారే వస్తూ, కానుకల పెట్టె తాళాలు రెండు చేసి వేరువేరు ఇళ్లలో ఉంచితే, ఆ ఏడాదిలో చాలా సంగతులు వాటంతటవే బయటపడతాయి. ఎవరి వంతున మనుషులు ఓదార్పు పొంది వెళుతున్నారో, ఎవరి వంతున గడియారం చూస్తున్నారో ఓటు వేయకుండానే తెలుస్తుంది. దీనిలో నష్టం లేకపోలేదు. గడువు రాయకపోతే తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది, మరిదిగారికి మాట్లాడడానికి ఏడాది దొరుకుతుంది, మీరు రెండు పడవల మీద కాళ్లతో అలసిపోతారు. కూతురి పరీక్షలు అయ్యేదాకా ఏ సమావేశమూ మీ గదుల్లో పెట్టనివ్వకండి. పెద్దలు మందిరంలోనే కూర్చుంటారు, ఆ పిల్ల లోపల చదువుకోవాలి.

చిన్న అక్షరాలతో అడిగిన దానికి వస్తాను. ఏడాది ఏర్పాటు ఒప్పుకుంటే వంతు వచ్చిన వాళ్లందరూ, మీతో సహా, ఆ కింద బల్ల దగ్గరే నిలబడి చెప్పండి. గొంతు అక్కడి నుంచి కూడా వినపడుతుంది. బైబిలు సంగతి పెద్దలతో మాట్లాడి చేయండి, అది సంఘం ముందు తెరుచుకున్న పుస్తకం. కళ్లద్దాలకు మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక సాయంత్రం మందిరం ఖాళీగా ఉన్నప్పుడు ఆ మెట్టు ఎక్కి, వాటిని తీసి, కొంగుతో తుడిచి ఇంట్లోకి తెచ్చుకోండి. అవి పల్పిట్‌వి కావు, మీ ఆయనవి.